తిప్పక్క అడిగిన పాయింటు

తిప్పక్క అని ఒక ఆయమ్మ. ఉండేదంట కాదు, ఇప్పుడూ ఉండాది, అబద్ధం చెప్పను. మూడెకరాల చీనీ తోట, అదే బత్తాయి తోట, ఆమెది. మొగుడు ఓబులేసు గొర్ల ఎంబడి పోతాడు, తోట బాగోగులన్నీ ఆమెవే. ఏమైందంటే, కొన్నేండ్ల కింద ఒక ఎండాకాలం బోరు ఒట్టిపోయే కాడికి వచ్చింది. మోటరు వేస్తే గంట సేపు ఏలంత లావు నీళ్ళు, ఆ మీన గాలి. ఎనిమిదేండ్లు బిడ్డల మాదిరి సాకిన చెట్లు, ఆకులు ముడుచుకుంటాండాయి. కొత్త బోరు వేయాలంటే పాలిచ్చే ఎనుములు రెండూ అమ్మాల. అమ్మి వేసినాక నీళ్ళు పడకపోతే? ఎనుములూ పాయె, చెట్లూ పాయె. అదీ ఆమె బాధ. బోరు బండి పిలిచే ముందు మా తట్టు పాయింటు చూపిస్తాం కదా. చూసేటోడు అరిచేతిలో టెంకాయ పెట్టుకోని చేనంతా నడుస్తాడు, నీళ్ళుండే తావున టెంకాయ నిట్టనిలువున లేస్తాది, ఆడ రాయి పెట్టి పసుపూ కుంకమా పూస్తాం. మరి ఆ చూసేటోడు ఎవరనుకున్యారు? మా ఇంటాయప్పే, సుంకప్ప. నవ్వాకండి, ఇరవై ఏండ్లు ఆ టెంకాయే మాకు కూడు పెట్టింది. సగం మందికి నీళ్ళు పడినాయి, సగం మందికి దుమ్ము లేసింది. పడినోళ్ళు మా ఆయప్పను పొగిడిరి, పడనోళ్ళు వాళ్ళ కర్మ అనుకున్యారు.

తిప్పక్కకు ఒక గుణం ఉండాది. ఏ మాటన్నా చెవిన పడిందా, దాని తోలు వలిచేదాకా ఇడిచిపెట్టదు. "పాయింటు, పాయింటు అంటాండారు, తెలుగు మాట మాదిరి లేదే, అసలు ఏందది?" అని బయలుదేరింది. చేతిలో ఎనుములకు కోసిన గడ్డి, నోట్లో ఇదే మాట. బస్సు కండక్టరును అడిగిందంట. "బస్సు నిలిపే తావమ్మా" అన్యాడంట. "ఆ తావు వచ్చిందని నీకెవరు చెప్తారప్పా?" అంటే, "బోర్డు ఉంటాది కదా" అన్యాడు. కరెంటాయన్ని అడిగింది. "ప్లగ్గు పెట్టే తావు పాయింటు, కరెంటు ఉందో లేదో టెస్టరు చెప్తాది" అన్యాడు. బడి కాడ కబడ్డీ ఆడేటోళ్ళను అడిగితే, "అవతలోన్ని తాకి గీత దాటి వస్తే పాయింటు, అత్తా. ఈల వేసేటాయన ఉండాడు కదా, ఆయన చెప్తాడు" అన్యారు. పంచాయితీ చేసే పెద్దాయన్ని కూడా ఇడిచిపెట్టలేదు చూడు! "ఎదుటోడు జవాబు చెప్పలేని మాటను పాయింటు అంటాం తిప్పక్కా, వాని నోరు మూతపడితే అదే సాక్షి" అన్యాడు. ఈమెకు భలే వింత అయిపోయింది. ఎవరో ఇంగిలీసోళ్ళ మాట, మనోళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పనికి పెట్టుకున్యారు, అయినా అందరికీ ఎవరో ఒకరు అవునని చెప్పేటోళ్ళు ఉండారే అనుకునింది.

మర్సునాడు పొద్దున్నే మా ఆయప్ప ఆమె తోటకు పోయినాడు. టెంకాయ చేతిలో పెట్టుకునే లోపలే ఆమె పట్టుకునింది. "సుంకప్పన్నా, నీ పాయింటుకు సాక్షి ఎవరు?" ఈయనకు రేగింది. "టెంకాయ మే! ఇంకెవరు?" "టెంకాయకెవరు చెప్తారన్నా?" "గంగమ్మ తల్లి చెప్తాది, నోరు మూసుకోని నా పక్కన నడువు." ఎందుకంటే చేనుగలోళ్ళు పక్కన నడవకపోతే ఆయన చేతిలో కాయ లేయదు, అది మొదట్నుంచీ ఉండే అలవాటు. నడిచినారు. మోటరు షెడ్డు పక్కన కాయ లేసింది. ఆడ పాయింటు పడితే బాగుండునని తిప్పక్క రాత్రంతా అనుకుంటాండె, పైపులూ తీగలూ అన్నీ ఆడే ఉండాయి కదా. ఇంకొకరైతే ఎగిరి గంతేసుందురు. ఈమె మాత్రం "రాయి రేపు పెడదాం" అని, ఈయన పాయింటు పెట్టిన నాలుగు తోటలు తిరిగింది. ఆడోళ్ళనే అడిగింది, మొగోళ్ళు నిజం చెప్పరని. "పాయింటు ఆడనే పడాలని నీ మనసులో ముందే ఉండిందా మే?" అంటే, "అవునక్కా, మొక్కుకున్యా, అట్లే ఆడనే కాయ లేసింది" అని నలుగురికి నలుగురూ మురిసిపోయి చెప్పినారు.

మూడోనాడు ఏం చేసిందనుకున్యారు! ఎవర్నీ రానీలేదు. మా ఆయప్పను తోట అంచున నల్లబండ ఉండే తట్టు నడిపించింది. గడ్డిపోచ మొలవని తావు అది. బండ దగ్గరకు రాంగానే, దేవుడు ఎదురొచ్చినట్లు మొగమంతా వెలిగించుకోని ఈయన తట్టు చూసింది. అంతే, బండ మీద కాయ లేసి నిలబడింది! ఈయన కాయను చూసినాడు, బండను చూసినాడు, ఆమెను చూసినాడు. కాయను కింద పెట్టి బండ మీదనే కూచున్యాడు. "మా యమ్మ మీద ఒట్టు తిప్పక్కా, నేను లేపడం లేదు, అదే లేస్తాది" అన్యాడంట, కండ్లల్లో నీళ్ళు. "నాకు తెలుసన్నా. నువ్వు మోసగానివి కాదు. నీ కన్ను నా మొగం మీన ఉండాది, నీ చెయ్యి నా మొగం చెప్పినట్లు వింటాది. లేపేది నేనే" అనింది ఆమె.

ఎనుములు అమ్మలేదు. గొడ్డలి తీసుకునింది. సగం చెట్లు తన చేతుల్తోనే నరికింది, ఒక్కో చెట్టును పట్టుకోని ఏడ్చి మరీ నరికింది. మిగిలిన సగానికి ఆ ఏలంత నీళ్ళు చాలినాయి, బతికినాయి. ఊర్లో ఒక్కరికీ బండ సంగతి చెప్పలేదు మహాతల్లి, చెప్పింది మా ఆయప్పే. ఆ పొద్దు కూడు ముట్టకుండా నాకు చెప్పి, తెల్లారి ఊరందరికీ చెప్పినాడు. నాకు మండింది, ఏండ్లకేండ్లు ఆమెతో మాట్లాడలేదు. అప్పటి నుంచి ఎవరన్నా పిలిస్తే ఈయన కండ్లకు తువ్వాల కట్టుకోని నడుస్తాడు. కాయ లేయదు. "ఈ చేన్లో నాకు తెలీదు నాయనా" అని వచ్చేస్తాడు. అట్లాంటోన్ని ఎవరు పిలుస్తారు? పక్కూర్లో ఇంకొకాయన ఉండాడు, అందరూ ఆయన కాడికే పోతారు, ఆయనకు ప్రతి చేన్లోనూ లేస్తాది.

నాకు బుద్ధి ఉందంటారా? పోయినేడు మా పెరట్లో బోరు ఎండిపోతే, ఇదంతా తెలిసిన దాన్ని, నేనే పోయి ఆ పక్కూరాయన్ని పిల్చుకొస్తి. గోడ పక్కన పాయింటు పడాలని నాకు ఆశ. గోడ పక్కనే లేసింది. మా ఆయప్ప వాకిట్లో కూచోని తన తువ్వాల మడత పెట్టుకుంటాండె. నీళ్ళు పడినాయా అని అడగాకండి. పొద్దున్నే వీధి కొళాయి కాడ బిందె పట్టుకోని నిలబడింది ఎవరనుకుంటిరి, నేనే కదా.