నివేదిక మీద మోషే సార్ సంతకం

మోషే సార్ భార్య ఎవాంజెలిన్ అమ్మగారికి, కొండాపూర్ ల్యాబ్ మిత్రులకు, నిజాంపేట కాలేజీ నుంచి వచ్చిన ఆయన విద్యార్థులకు నమస్కారం. మనందరం వచ్చాం. మోషే సార్ లేరు. గురువారం క్లాసులో పాఠం చెబుతూనే కుప్పకూలారు. దవాఖానకు చేరేలోపే గుండె ఆగిపోయింది. నా పేరు భార్గవి. ల్యాబ్‌లో ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేశాను.

పెద్ద కంపెనీ ఉద్యోగం వదిలి ఆయన మా చిన్న ల్యాబ్‌కు ఎందుకొచ్చారో తెలుసా? చెల్లెలు సారమ్మకు క్యాన్సర్. రేడియేషన్ చికిత్స సగంలో ఉండగా, రేడియేషన్ ఇచ్చే యాక్సిలరేటర్ యంత్రానికి శక్తినిచ్చే ఒకే ఒక్క ట్యూబు కాలిపోయింది. కొత్తది విదేశం నుంచి రావడానికి ఐదు వారాలు పట్టింది. సారమ్మ అంతవరకూ బతకలేదు.

అప్పటినుంచి ఆయనది ఒకటే పట్టు. ఆ ఒక్క ట్యూబు బదులు వందల ట్రాన్సిస్టర్ల శక్తిని కలిపే యాంప్లిఫైయర్ కట్టాలి. "ఒకటి పోతే పోనీ, మిగిలినయి గుంజుతయి. మంచం మీదున్న మనిషికి వైద్యం ఆగొద్దు" అనేవారు.

మూడేళ్లకు కట్టారు. నడిచింది కూడా! తొమ్మిది గంటలు ఆగకుండా నడిచింది. ఆ రోజు ఆయన నవ్వును ఇక్కడ ఎంతమంది చూశారు?

తర్వాతి వారం అంతా కాలిపోయింది. చల్లబరిచే నీళ్లు ఆగితే కరెంటు ఆపేసే రక్షణ స్విచ్ ఒకటి ఉంటుంది. పరీక్ష కోసం దాన్ని తీసేసి, తిరిగి పెట్టడం మర్చిపోయింది మోషే సార్ అని నివేదికలో ఉంది. కింద ఆయన సంతకమూ ఉంది.

అమ్మగారూ, మర్చిపోయింది ఆయన కాదు. నేను.

ఏడుస్తూ నిలబడితే ఆయన నాతో అన్నది ఇదే: "నీకిది మొదటి నౌకరీ బిడ్డా. గిది నీ పేరు మీద పడితే ఇగ ఎవ్వరు తీస్కోరు. నేను చూస్కుంట, ఫికర్ జెయ్యకు."

నేను ఒప్పుకున్నాను. ప్రాజెక్టు మూసేశారు, ఆయన్ని పంపేశారు. ఆ నివేదిక చూసి ఏ ల్యాబూ ఆయన్ని తీసుకోలేదు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ ఏడాదిన్నర గడిపారు. ఒక్కసారైనా నన్ను నిష్ఠూరమాడలేదు. నేను ఒక్కసారైనా నోరు విప్పలేదు.

నిన్న యాజమాన్యానికి నిజం రాసి పంపాను. ఆ ఫైలు మూసేశామని జవాబొచ్చింది. ఆయన కట్టిన యంత్రాన్ని ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారట. సారమ్మ చికిత్స ఆగిన చోట ఇవాళ్టికీ ఆ పాతరకం ట్యూబే ఉంది. దాన్ని మార్చగలిగిన మనిషి వెళ్లిపోయారు. నేను చెప్పిన నిజం ఇక ఎవరికి పనికొస్తుంది?

నన్ను క్షమించమని అడగను. దయచేసి అందరూ లేచి, మోషే సార్ కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడండి. ఆ తప్పు ఆయనది కాదని మనసులో ఒక్కసారి అనుకోండి.