ఒక్క నిమిషానికి నలభై రెండు అడుగులు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దసారు గారికి, వేదిక మీద నా పక్కనే కూర్చుని ఇందాకటి నుంచి గడియారం చూసుకుంటున్న ముఖ్య అతిథి గారికి, ఎదురుగా ఉన్న పెద్దలకు, మీటరు రీడింగు మిత్రులకు, మా ఫిర్యాదుల విభాగం చెల్లెళ్లు ముగ్గురికి, వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న మా చక్రం తమ్ముడికి, పేరుపేరునా నమస్కారం.

మూడు నిమిషాల్లో ముగించమన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు ఫోనులో జనం మాట విన్నదాన్ని, ఇవాళ ఒక్క పూట నా మాట వినలేరా? (నవ్వులు) వినండి. కుర్చీలు గట్టివే, నేను సరిచూశాను.

నన్ను పొగిడిన వాళ్లందరూ ఓర్పుకి మారుపేరు అన్నారు. మా ఆయన మూడో వరసలోనే ఉన్నారు, ఆ మాట వచ్చినప్పుడల్లా తల దించుకుని నవ్వుకుంటున్నారు, నేను ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నా. (నవ్వులు) నాకు ఓర్పు లేదు బాబూ. ఎప్పుడూ లేదు. నీళ్లు రాలేదని ఫోను చేసిన మనిషి నన్ను నానా మాటలూ అంటుంటే, నాకు ఒళ్లు మండేది. ఆ మంట చూపించడానికి ఒక చోటుండేది. అది మా చక్రం గది.

కొత్తవాళ్లకి తెలియదు కాబట్టి చెప్తాను. మా విభాగం నుంచి వాల్వు గదికి నలభై రెండు అడుగులు. చక్రం అంటే, ఏ వీధికి నీళ్లు వదలాలన్నా ఆ ఇనప చక్రాలు తిప్పే మనిషి. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఆ గదిలో మోటార్ల హోరుకి ఫోను మోగినా తెలియదని, దాన్ని పీకేసి పాతికేళ్లయింది. అందుకని ఎవరైనా ఫోను చేస్తే, 'ఉండండమ్మా, ఒక్క నిమిషం' అని రిసీవరు బల్ల మీద పెట్టి, లేచి, నలభై రెండు అడుగులు నడిచి, ఆ ఇనప తలుపు మీద దబదబా బాది, 'ఫలానా వీధి, తమ్ముడూ!' అని అరిచి, వాడు తల ఊపాక వెనక్కొచ్చి, 'చెప్పానమ్మా, వచ్చేస్తాయి' అనేదాన్ని. వచ్చేసేవి. మా శాఖ గుట్టంతా ఇంతే.

ఇక మన ఫోన్లలో కొన్నిటికి జవాబివ్వడానికి కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ సంగతి. దాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పెద్దసారు నిన్న పిలిచి మరీ చెప్పారు. చెప్తాను సార్, మంచి ఉన్నచోట దాచను. ఒకేసారి యాభై మందికి జవాబిస్తుంది. విసుక్కోదు. చిరునామా ఒక్కసారి చెప్తే రాసేసుకుంటుంది, నేను మూడుసార్లు అడిగేదాన్ని. పైగా దానికి నా గొంతే పెట్టారు. మొన్నొకరోజు మా ఇంట్లో కుళాయి రాక మా ఆయన ఫోను చేసి, ఆ మర్యాదంతా విని, సాయంత్రం నేను ఇంటికెళ్లగానే, 'ఆఫీసులో ఇంత బాగా మాట్లాడతావా!' అని ఆశ్చర్యపోయారు. (నవ్వులు)

దానికి పాఠం చెప్పడానికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. మంచి పిల్ల, తెలివైంది, ఆ చివర కూర్చుంది. అమ్మాయ్, నిన్ను తిట్టడానికి కాదు, తల దించుకోకు. రెండేళ్ల నా సంభాషణలన్నీ దానికి వినిపించింది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, 'అక్కా, మీరు ఒక్క నిమిషం అని మౌనంగా ఉండిపోతారు కదా, ఆ తరవాత ఎంత కోపంగా ఉన్నవాళ్లైనా చల్లబడిపోతున్నారు. మీ మౌనంలో ఏదో మహిమ ఉంది. దాన్ని కూడా నేర్పించేశాం' అంది.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. (నవ్వులు)

నవ్వకండి. మౌనం కాదమ్మా అది, నడక! రిసీవరు బల్ల మీదుంది, నేను చక్రం తలుపు బాదుతున్నాను. ఆ పిల్లకి చెప్పాను. ఆ పిల్ల వాళ్ల పైవాళ్లకి చెప్పింది. వాళ్లు మన పైవాళ్లకి చెప్పారు. మన పైవాళ్లు, సగటు ఫోను సమయం తగ్గింది కదా, ఇంకేం కావాలన్నారు. నేను ఉత్తరం రాశాను. రెండోది రాశాను. మూడోదానికి జవాబొచ్చింది, 'మీ సూచనకు ధన్యవాదాలు' అని. అది కూడా యంత్రమే రాసిందని మా చెల్లెళ్ల అనుమానం.

పోయిన నెల ఒక నర్సమ్మ మా గదిలోకి వచ్చింది. ప్రసూతి ఆసుపత్రిలో పనట. ముందురోజు కాన్పు చేయించడానికి మోచేతుల దాకా సబ్బు రాసుకుంది, కుళాయి తిప్పితే చుక్క లేదు. ఆయా ఫోను పట్టుకుని ఆవిడ చెవి దగ్గర పెట్టింది. నాలుగుసార్లు చేశారు. నాలుగుసార్లూ 'ఒక్క నిమిషం', నాలుగుసార్లూ 'చెప్పానమ్మా, వచ్చేస్తాయి'. చివరికి ఎవరెవరివో తాగే నీళ్ల సీసాలు తెచ్చి చేతుల మీద పోశారు. తల్లీ బిడ్డా క్షేమం, అది ఆ సీసాల పుణ్యం, మనది కాదు. ఆవిడ నా ముందు నుంచుని ఒకటే అడిగింది. 'నిన్న మాట్లాడింది మీరే కదా? ఆ గొంతు విని నమ్మాను. లేకపోతే ముందే పక్కింటికి పరిగెత్తేదాన్ని.'

నేను కాదని ఎలా చెప్పను? నా గొంతే కదా. మన యంత్రం రికార్డులో ఆ నాలుగింటికీ ఏం రాసి ఉందో చూశాను. 'ఫిర్యాదుదారు శాంతించారు.'

పెద్దసారూ, మీరు జ్ఞాపికగా ఇచ్చిన గోడ గడియారంతో పాటు ఒక కవరు కూడా ఇచ్చారు, గడియారం చాలా బావుంది. కవరులో కాగితం చదివాను. 'శిక్షణ సంపూర్ణం, యంత్రం నాతో సమానంగా పని చేస్తోంది' అని నేను సంతకం పెట్టాలి. పెడితే వచ్చే ఒకటో తారీకు నుంచి అన్ని ఫోన్లూ దానికే. మా చెల్లెళ్లు ముగ్గురూ మిగులు సిబ్బంది. మొదటి వరసలో నా కోసం పూలు పట్టుకుని కూర్చున్న వాళ్లకి ఈ కవరు సంగతి ఇప్పుడే, ఇలాగే తెలుస్తోంది. నీటి శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి నేనింకా నీళ్లు నమలడం బావుండదని చెప్పేస్తున్నా.

ఒక్క పని చేస్తాను, కోప్పడకండి. ఇదిగో నా ఫోను. మన ఫిర్యాదుల నెంబరుకే చేస్తున్నా. మైకు దగ్గర పెడుతున్నా, అందరూ వినండి. (ఫోను మోగుతున్న చప్పుడు, ఆపైన ఫోనులోంచి ఆవిడ గొంతే)

'నమస్కారమమ్మా, చెప్పండి.'

'మా వీధిలో పొద్దుటి నుంచి నీళ్లు లేవండీ.'

'అయ్యో. ఉండండమ్మా, ఒక్క నిమిషం.'

(ఫోనులో నిశ్శబ్దం)

అటు వెనక్కి తిరిగి చూడండి అందరూ. చూశారా? మా చక్రం లేచి నుంచున్నాడు. ఎవరూ లేవమనలేదు. ఆ మాట వినపడితే ఎవరో తలుపు బాదుతారని వాడి కాళ్లకి తెలుసు. ఏ వీధి అని నా మొహం వంక చూస్తున్నాడు.

'చెప్పానమ్మా, వచ్చేస్తాయి.'

ఎవరికి చెప్పావే తల్లీ? చక్రం ఇక్కడే ఉన్నాడు కదా! ఎవరికి చెప్పావు?

సార్, కాగితం సంతకం లేకుండా వెనక్కిస్తున్నా. దాన్ని తీసేయమనడం లేదు. ఆ వాల్వు గదిలో మోటారు హోరులో కూడా కనపడేలా, ఫోను రాగానే యంత్రమే వెలిగించే ఒక ఎర్ర దీపం పెట్టించండి, దానికి నడవడం నేర్పినట్టవుతుంది. అది వెలిగి, చక్రం తిరిగిందో లేదో చూసి ఫోనులో నిజం చెప్పడానికి ఈ ముగ్గురూ ఉండాలి. అప్పుడు పిలవండి, నేనే వచ్చి సంతకం పెడతాను. అందాకా దానికి ఇంకెవరి గొంతైనా పెట్టుకోండి, నాది మాత్రం తీసేయండి. నేను చెప్పానని అంటే, చెప్పి ఉండాలి.

కూర్చో తమ్ముడూ, ఇవాళ్టికి ఏ వీధీ లేదు.

ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ, ముఖ్యంగా గడియారం చూసుకోవడం మానేసిన ముఖ్య అతిథి గారికి, నా కృతజ్ఞతలు. నాకు సెలవిప్పించండి. నాతో పాటు నా గొంతుకి కూడా సెలవు.