యర్రమ్మ పుట్ట

మళ్లీ జొరమే అంటారేటి బాబూ! జొరమొస్తే ఒళ్లు కాలదా? పోయిన పూట నా కూతురు గుంట ఒళ్లు సల్లగా ఉన్నాది. నోట్లో నురగ. కాళ్లూ సేతులూ కొట్టేసుకున్నాది. ఈ కొండల్లో పుట్టినోళ్లం, జొరం మాకు సుట్టంలాంటిది. దాని మొకం నానెరగనా?

కూకోండి. మీరు కట్టించిన ఇల్లే కదా. సూపర్‌వైజరు బాబు నిలబడితే మాకు మర్యాదేటి?

అవును, గుమ్మాలు బాగున్నాయి. ఇప్పుడు ఒక్క సెదా నేదు. మెత్తకర్ర తెచ్చి బిగించీసారు, ఏడాది తిరక్కుండా సెద పట్టీసింది. పైనోళ్లు సూడ్డానికి వస్తారని మీకు బెంగ. కర్ర మార్సడానికి మాత్రం సెయ్యి రానేదు. ఇళ్ల ఎనక పుట్టకి గునపాలతో కన్నాలెట్టి, డబ్బాలకి డబ్బాలు సెద మందు పోయించీసారు.

ఆ పుట్ట ఎవరిదని అడిగారా? నవ్వకండి. మీ ఊళ్లో మామిడిసెట్టుకి మనిషున్నట్టే మాకాడ పుట్టకీ మనిషుంటాది. అది యర్రమ్మది. మొగుడు పోయిన ముసల్ది. అత్త ఇచ్చిపోయిన ఆస్తి అదొక్కటే దానికి. తొలకరికి పుట్టలోంచి రెక్కల సెదపురుగులు, అయే ఉసిళ్లు, లేస్తే పట్టుకొచ్చి, రెక్కలు సెరిగి, మంగలంలో వేపి, ముందు గుంటలకి ఎట్టి, ఆనక తాను తింటాది. ఏటేటా అంతే.

ఈ ఏడూ అంతే సేసింది. అందరికన్నా ముందు నా స్వర్ణ ఎల్లి దోసిలి పట్టింది. మిగతా గుంటలు పోగయ్యేసరికే నాది నేలమీద కొట్టుకుంటంది.

తినొద్దని ముందే సెప్పారా? ఎవరికి సెప్పారు బాబూ? మీటింగెట్టి మగోళ్లకి సెప్పారు. ఆనక సారా పోయించారు. ఉసిళ్లు పట్టేది మగోళ్లేటి? వేపేది మగోళ్లేటి? ఆడోళ్లని ఒక్క కేకేస్తే మీ నోరు అరిగిపోద్దా? నా మొగుడు సుక్రు మీటింగు నుంచొచ్చి నాకేటి సెప్పాడో తెలుసా? కూరలో ఉప్పు సాల్లేదని సెప్పాడు. మందు సంగతి సెప్పింది గుంటని మట్టిలో ఎట్టాక, తాగి ఏడుస్తా.

ఇప్పుడు మళ్లీ నోరు మూసీసాడు. ఆ మీటింగుకొచ్చినోళ్లందరూ మూసీసారు. నిజం సెప్తే మిగిలిన ఇళ్లకి రేకులు రావన్నారట కదా తమరు!

గుంట సావు గురించి అడగడానికి రేపొచ్చే మీ పాడేరు ఆఫీసరు జొరమంటే నమ్మి ఎల్లిపోతాడు. మా ఊరు నమ్మదు బాబూ. ఆడుకుంటన్న గుంట మజ్జాన్నానికి పీనుగయితే జొరమంటారా? మందు కాదంటే ఇక మాకు మిగిలేది సేతబడి ఒకటే. చిల్లంగి. యర్రమ్మ సేత్తో ఎట్టింది, గుంట సచ్చిపోనాది. ఇంకేటి కావాలి?

నాను ఊరుకోనేదు. ముసల్దాని సేటలో మిగిలిన ఉసిళ్లు నా కోడికి ఏసాను, అందరూ సూడాలని. కోడి గిలగిలా కొట్టుకుని సచ్చింది. "సూసారా, మందే!" అని అరిసాను. ఏటన్నారో తెలుసా? "కోడికి కూడా ఎట్టీసింది రోయ్ చిల్లంగి" అన్నారు. గుంట పోయి దీనికి మతి పోనాది అన్నారు.

ఇయాళ సంత. మగోళ్లు అరకు ఎల్లారు. తిరిగొచ్చాక యర్రమ్మ పళ్లు రాలగొడతారట. పళ్లు నేకపోతే మంత్రం పలకదంట. ఆనక ఏటి సేస్తారో మీకూ తెలుసు. దాన్ని నానే దాసాను, లోపల గదిలోనే ఉన్నాది. అటు సూడకండి, బెదిరిపోద్ది.

మీ మాటయితే నమ్ముతారు. పేంటేసుకున్న మాట కదా. బేగి తేల్సుకుందాం. ఆళ్లు కొండెక్కి రాగానే ఊరి మజ్జిన నిలబడి, "పుట్టలో మందు పోయించింది నానే, గుంట దానివల్లే పోయింది" అని ఒక్కసారి అనండి. రేపు ఆఫీసరు ముందు నాను జొరమనే సెప్తాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు సెప్తాను. నా గుంట సావు మీకు ఇచ్చీస్తాను బాబూ. ముసల్దాన్ని నాకిచ్చీయండి.

జీపు కేసి సూత్తారేటి?

ముసల్ది నీకేటవుద్ది అంటారా? ఏటీ అవదు. సుట్టమూ కాదు, పక్కమూ కాదు.

ఆ పూట గుంట నా ఒళ్లో కొట్టుకుంటంటే ఊరంతా మూగింది. పక్కనే సుక్రు. మందు సంగతి తెలిసినోడు, పెదవి కదపనేదు. నాకు తెలీదు కదా బాబూ. నాకు ఎదురుగా యర్రమ్మ ఒక్కతే కనపడింది, సేతినిండా ఉసిళ్లతో.

ఈ ముండే తినీసింది నా గుంటనని ఊళ్లో అందరికన్నా ముందు అరిసింది నానే.