నలభై ఒక్క నిమిషాల ఆలస్యం: కపితోలినా యెగోరవ్నా గారికి అభినందన

1985 ఆగస్టు 14వ తేదీ ఉదయం, పంతొమ్మిదేళ్ళ వయసులో, మా రైల్వే యార్డు నంబర్ల కార్యాలయంలో అడుగుపెట్టిన శ్రీమతి కపితోలినా యెగోరవ్నా సుఖానవా గారు, ముప్ఫై తొమ్మిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభ సందర్భంలో వారిని గురించి నాలుగు మాటలు రాయమని సన్మాన సంఘం వారు నన్ను ఆదేశించారు. ఏడో తరగతితో చదువు ఆపి గనుల్లోకి దిగినవాణ్ణి నేను. నాకంటే బాగా రాయగలవాళ్ళు ఆఫీసులో పదిమంది ఉన్నారు. వాళ్ళందరికీ తీరిక లేకపోవడం వల్ల ఈ గౌరవం నాకు దక్కింది. వారం రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను, లేచి కిటికీ దాకా వెళ్ళి వస్తున్నాను.

వారు చేరిన కాలంలో ఇప్పటిలా నంబర్లు చదివే కెమెరాలు లేవు. యార్డులోకి వచ్చే ప్రతి గూడ్సు బండిలో ప్రతి వ్యాగను నంబరునూ పట్టాల పక్కన నిలబడ్డ మనిషి చదివి వైర్‌లెస్‌లో చెప్పాలి. లోపల కూర్చున్నవారు విని జాబితాతో సరిచూడాలి. ఒక్క అంకె తేడా వచ్చినా బండి కదలకూడదు. ఎనిమిది అంకెల నంబరును రెండేసి చొప్పున నాలుగు జతలుగా పలకడం ఇక్కడి ఆచారం. చివరి అంకె మిగతా ఏడింటికీ సాక్షి. వాటిని ఒక పద్ధతిలో గుణించి కూడితే ఆ సాక్షి నిజం చెబుతుందో లేదో తేలిపోతుంది. ఆ గుణకారాన్ని, వ్యాగను చదివేవాడి కళ్ళముందు నుంచి దాటిపోయేలోపు, పెన్సిలు ఎత్తకుండా మనసులోనే చేయగలిగినవారు మా డివిజను మొత్తంలో కపితోలినా యెగోరవ్నా గారు ఒక్కరే. దేశం పేరు మారింది, జెండా మారింది, కార్యాలయంలోకి కంప్యూటర్లు వచ్చాయి. వారి పెన్సిలు మాత్రం మారలేదు.

2004 నవంబరులో నేను జార్జియా నుంచి రష్యాకు వచ్చి నంబర్లు చదివే పనిలో చేరాను. మూడు నెలల పరీక్షాకాలం. హాస్టల్లో గది, అందులో నెలలు నిండుతున్న నా భార్య ఖతూనా, రెండూ ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి. రష్యన్ మాట్లాడగలను. లెక్కపెట్టడమే రాదు. మా భాషలో లెక్క ఇరవైలతో నడుస్తుంది. డెబ్భై ఎనిమిది అంటే మూడిరవైల పద్దెనిమిది. తొంభై ఎనిమిది అంటే నాలుగిరవైల పద్దెనిమిది. కంటికి కనబడిన జత ముందు ఇరవైల్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పదుల్లోకి తిరిగొచ్చి, అప్పుడు నోట్లోంచి బయటపడాలి. ఈలోగా రెండు వ్యాగన్లు దాటిపోయేవి. మొదటి వారంలోనే తొంభై ఎనిమిదిని "ఎనభై పద్దెనిమిది" అని చదివాను. డ్రైవర్లు, పాయింట్స్‌మెన్, గేటు దగ్గరి ఆవిడ, అందరూ అదే లైనులో విన్నారు. ఆ రోజు నుంచి నా పేరు ఎంజార్ కాదు, ఎనభై పద్దెనిమిది. నవ్వనిది లోపల కూర్చున్న ఒక్క కపితోలినా యెగోరవ్నా గారే. "మళ్ళీ చెప్పు" అనేవారు, అంతే.

2005 ఫిబ్రవరి 9వ తేదీ మధ్యాహ్నం. సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీల కింద చలి. నా పరీక్షాకాలం ఇంకా ఆరు రోజులుంది. యాభై ఏడు వ్యాగన్ల బండి వస్తోంది. అప్పటి షిఫ్టు అధికారి వలెర్యాన్ పావ్లవిచ్ గారు అందరూ వినేలా లైనులో అడిగారు: "ఏమయ్యా ఎనభై పద్దెనిమిదీ, ఇవాళ ఎన్ని ఇరవైలు మోసుకొచ్చావు?"

ముప్ఫై ఒకటో వ్యాగను మీద అరవై రెండు, తొంభై ఎనిమిది, నలభై ఏడు, పదకొండు అని ఉంది. నాకు ఆ పేరు తెచ్చిన జతే ఆ రెండోది. మళ్ళీ నవ్వుతారన్న భయంలో ఒక ఇరవై జారిపోయింది. డెబ్భై ఎనిమిది అన్నాను.

సాక్షి అంకె ఒప్పుకోలేదు. కపితోలినా యెగోరవ్నా గారు వెంటనే అడిగారు, మళ్ళీ చెప్పమని.

"డెబ్భై ఎనిమిదే," అన్నాను. "సరిగ్గానే చదివాను."

అలా అంటున్నప్పుడే నాకు అనుమానం ఉంది. అయినా అన్నాను. చదివినవాడు అంత గట్టిగా చెబితే, జాబితాలో లేని వ్యాగను ఏదో బండిలో కలిసిందని అర్థం. నియమం ప్రకారం బండి ఆగాలి. ఆగింది. వెనక మరో రెండు ఆగాయి. డివిజను నుంచి ఫోను మీద ఫోను. కపితోలినా యెగోరవ్నా గారు కోటు భుజాన వేసుకుని, ఆఫీసులో తొడుక్కునే ఉన్ని చెప్పులతోనే మంచులో పడి నడిచి ముప్ఫై ఒకటో వ్యాగను దగ్గరికి వచ్చారు. అంకెల మీది మంచును మోచేత్తో తుడిచారు.

"చదువు," అన్నారు.

"తొంభై ఎనిమిది."

"ఎంత తేలిగ్గా వచ్చిందో చూశావా." చేతులు రుద్దుకున్నారు. "తప్పు చదవడం చలి చేసిన పని నాయనా. సరిగ్గానే చదివాననడం నువ్వు చేసిన పని. ఇంకెప్పుడూ ఆ మాట అనకు."

వెనక్కి వెళ్ళి రిజిస్టరులో తమ చేత్తో రాశారు: "నలభై ఒక్క నిమిషాల ఆలస్యం, కారణం నంబరు వినడంలో నా పొరపాటు." కింద సుఖానవా అని సంతకం పెట్టారు. ఆరు రోజుల తరవాత నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ మర్నాటి నుంచి టీ వేళ నాకు పాఠం మొదలైంది. వారు పుస్తకం తియ్యలేదు. "కూడికలు మానెయ్. పొరుగావిడ ఎదురైతే ముక్కూ చెవులూ లెక్కేసి పేరు చెబుతావా? అంకెనీ అలాగే గుర్తుపట్టాలి" అన్నారు. నూరు జతలకూ ఒక్కో మొహం ఇచ్చారు. నలభై ఒకటి జర్మనీతో యుద్ధం వచ్చిన ఏడు, నలభై అయిదు అయిపోయిన ఏడు. ముప్ఫై ఆరు, ఇక్కడి సెల్సియస్ థర్మామీటరులో ఒంట్లో జ్వరం లేని మనిషి. నలభై, చచ్చినవాడి ఆత్మ ఇల్లు వదిలే రోజు. యాభై అయిదు, ఆడవాళ్ళకు పింఛను రావలసిన వయసు, "వస్తే గిస్తే" అని చేర్చారు. అరవై రెండు వారి అత్తగారి ఫ్లాటు నంబరు. అక్కడికి వెళ్ళాలంటే కాళ్ళు వాటంతటవే వెనక్కి లాగుతాయి కనక మర్చిపోయే ప్రమాదం లేదన్నారు. తొంభై ఎనిమిది, పెద్ద అధికారుల కార్లు తాగే ఖరీదైన పెట్రోలు రకం. హాస్టలు నుంచి యార్డు దాకా నడుస్తూ ఇళ్ళ గుమ్మాల మీది నంబర్లన్నీ నోటితో పలికేవాణ్ణి. ఏప్రిలు కల్లా ఇరవైలు నా తలలోంచి వెళ్ళిపోయాయి. ఇప్పుడు మా అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు వాటి కోసం వెతుక్కుంటాను. అది వేరే సంగతి.

2011లో గౌరవ రైల్వే ఉద్యోగి బ్యాడ్జీకి వారి పేరు పైకి వెళ్ళింది. ఆ నలభై ఒక్క నిమిషాలు చూపించి కొట్టేశారు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు, పదోన్నతి జాబితాలో పేరు. నేను నోరు విప్పలేదు. వారు మాత్రం, బ్యాడ్జీ పెడితే మంచి కోటుకు బెజ్జం పడుతుందని నవ్వేసి, మర్నాడు క్యాబేజీ కూరిన రొట్టెలు తెచ్చి అందరికీ పంచారు. నేను రెండు తిన్నాను.

ఈ వ్యాసంలో చేర్చవలసిన వాక్యం ఒకటి సన్మాన సంఘం వారు నాకు టైపు చేసి ఇచ్చారు: "ఒకే ఒక్క ఆలస్యం మినహా మచ్చలేని సేవ." ఆ వాక్యం నేను చేర్చను. ఆ ఆలస్యం వారిది కాదు, నాది. పొరపాటు చదివినవాణ్ణి, పొరపాటు కాదని బొంకినవాణ్ణి నేను. ఆగస్టు 19వ తేదీన సిబ్బంది విభాగంలో ఈ మేరకు సంతకం చేసిన వివరణ ఇచ్చాను; రిజిస్టరు సరిదిద్దాలని, వారి పేరు మళ్ళీ పైకి పంపాలని కోరాను. ఇంకా ఎన్నో ఏళ్ళ సర్వీసు ఉన్నవాడివి, ఇప్పుడెందుకు తవ్వుతావని అక్కడి అధికారి హితవు చెప్పారు. నా హోదా తగ్గించవచ్చు, ఇంకేమైనా చేయవచ్చు. జవాబు రాలేదు. ఫోను మోగినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.

అచ్చుకు ఇచ్చే ముందు ఈ భాగం కపితోలినా యెగోరవ్నా గారికి ఫోనులో చదివి వినిపించాను.

"ఆ పేరా కొట్టెయ్," అన్నారు. "నా సన్మానం రోజున నీ ఉద్యోగానికి తద్దినం పెట్టిస్తావా? పంతొమ్మిదేళ్ళయింది. అది నాది."

"ఆ నిమిషాలు నావి యెగోరవ్నా. నావి నాకిచ్చెయ్యండి."

ఫోను పెట్టేశారు. నాలుగు రోజులుగా మెట్ల మీద ఎదురైనా మొహం తిప్పుకుంటున్నారు. ఇరవై ఏళ్ళలో వారి మాట కాదన్నది ఇదే మొదలు.

ఉత్తమ ఉద్యోగినికి, ఉదారహృదయకు, శేషజీవితం ప్రశాంతంగా సాగాలని సహోద్యోగులందరూ కోరుకుంటారు. నేనూ కోరుకుంటాను. అయితే నా మీది ఆ కోపం మాత్రం అంత త్వరగా చల్లారకూడదనీ, దాన్ని చాలాకాలం మోయడానికి సరిపడా ఆరోగ్యాన్నీ, ఆయుష్షునూ భగవంతుడు వారికి ప్రసాదించాలనీ మనసారా ప్రార్థిస్తున్నాను.

ఎంజార్ కుపతాద్జే
నంబర్ల కార్యాలయం