రాళ్లను దాచే చోటు

"బోర్డు మీద ఏం రాసి ఉన్నదో మల్లొక్కసారి చదువు బిడ్డా."

"ఎన్నిసార్లు చదవాలె కాకా? కోర్ రిపాజిటరీ. చెప్పిన గద."

"కోర్ అంటే ఎర్కనే. మిషిని పెట్టి భూమిలకెల్లి తీసిన గుండ్రటి రాయి. రెండో మాట ఏంది?"

రామగిరి మండలంలో, బొగ్గు కోసం తవ్వి చూసిన రాళ్లను భద్రపరిచే షెడ్డు అది. భోజనాల వేళ. ఆ రాళ్లకు నంబర్లు వేసే ఉద్యోగం జమునది. సదయ్య ఆమె తండ్రికి తమ్ముడు, గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ముంజలు తెచ్చానంటూ వచ్చినవాడు ఆ సంచి ఇంకా ఆమె చేతికివ్వలేదు.

"రెండో మాటంటే... దాచిపెట్టే చోటని."

"గట్లంటే మా ఇంట్ల వడ్ల గుమ్మి గూడ గదే."

"గుమ్మిల వడ్లు తీసి తింటవు కాకా. ఇది గట్ల గాదు."

"ఫోన్ల అడిగిన. నిక్షేపస్థానం అన్నది. నిక్షేపం అంటే లంకెబిందెలు గద?"

"ఫోను పుస్తకాల మాట చెప్తది."

"పుస్తకాలల్ల అబద్ధం రాస్తరా?"

"అబ్బా! ఇను. గోదాం ఉన్నదనుకో, సరుకు వస్తది, పోతది. మీ గని కాడ స్టోరు ఉండె. బోల్టులు, నట్లు కావాల్సినోడు సంతకం పెట్టి పట్టుకపోతుండె. ఈడికి వచ్చింది ఈడనే ఉంటది. అమ్మరు, వాడరు. చూడాల్సినోళ్లు వచ్చి చూసి, మల్ల ఉన్నకాడనే పెట్టి పోతరు. శానా కాలం పైలంగ ఉంచే చోటు. గందుకే గా పేరు."

"అమ్మరు, వాడరు. మరి తాళమెందుకు? విలువ లేనిదానికి ఎవడన్న తాళమేస్తడా?"

"రాయికి విలువ లేదు. రాయి చెప్పే ముచ్చటకున్నది."

"ఏం చెప్తది?"

"నీళ్లు తాగుతవా కాకా?"

"ఏం చెప్తది బిడ్డా?"

"ఎండల పడి వచ్చినవ్. నీళ్లు తాగు ముందుగాల."

"నా చెలక ముచ్చట చెప్పు. పోయినేడు పత్తి కట్టె పీకంగనే వచ్చి మిషిని పెట్టిన్రు. తీసిన రాయంత డబ్బాలల్ల పేర్చి పట్టుకపోయిన్రు. గవి ఈడనే ఉన్నయా?"

"ఉంటయి."

"ఏడ?"

"ఏడనో ఒకాడ."

"నంబర్లేసేదే నువ్వు. నీకు ఎర్క లేదా?"

"ఎర్కనే. చెప్పరాదు."

"బొగ్గు వడ్డదా?"

"ఉన్నదని చెప్పరాదు, లేదని గూడ చెప్పరాదు. మా నాయిన అడిగినా గంతే."

"ఎవలకన్న చెప్పినవా?"

"ఎవలకు చెప్తా? మా ఆఫీసర్ మేడం మొన్న నవ్వుకుంట అన్నది, ఇంగ్లిష్ల మనిషిని గూడ రిపాజిటరీ అంటరట. పదిమంది ముచ్చట్లు కడుపుల దాచుకునేటోళ్లను. జమునా, నువ్వు గూడ గట్లనే అన్నది."

"షెడ్డుకు తాళమేసిన్రు. మనిషికి ఏడ వేస్తరు?"

"కాకా! ఏమంటున్నవ్ నువ్వు?"

"ఏమంటలే. ఏడ వేస్తరని అడిగిన."

"మనసుల ఏమున్నదో చెప్పు. ముంజల కోసం రాలేదు నువ్వు."

"నా చెలక ఒకలు అడుగుతున్నరు."

"ఎవలు?"

"బోరేస్తే నీళ్లు రాక దుబ్బ లేసే చెలక. గదాన్ని ఎదురొచ్చి అడుగుతున్నరు. ఎందుకడుగుతరు?"

"ఎవలని అడుగుతున్న."

"నీకు తెల్వదా?"

"తెలిస్తే అడుగుతనా?"

"నిజంగనే తెల్వదా?"

"కాకా!"

"నీ పెనిమిటి. జగదీశ్వర్."

జమున టిఫిను గిన్నె మీద మూత పెట్టేసింది.

"ఆయనా? ఎప్పుడు?"

"ఎండలు ముదరకముందటి సంది తిరుగుతుండు. మీ చిన్నమ్మకు చీర తెచ్చిండు. నాకు మోకాళ్ల నూనె తెచ్చిండు. పెండ్లయినప్పటి సంది గీ అల్లునికి నా మోకాళ్లు యాదికి రాలే. ఇప్పుడు వచ్చినయి. జమునకు చెప్పకు మామా, తర్వాత ఖుషీ అయితది అన్నడు."

"నాకు తెల్వది."

"ఒక్క కప్పు కింద ఉంటరు. నీకు తెల్వది."

"తెల్వదంటున్న గద!"

"మరి ఆయనకెట్ల తెల్సె? తాళం నీ కాడ. ముచ్చట నీ కాడ. అడిగేటోడు నీ మొగుడు. నేనేమనుకోవాలె? ఎత్తుకోని తిప్పిన అన్న బిడ్డ నన్ను ముంచిందనుకోనా?"

"నువ్వేమన్నవ్ ఆయనతోని?"

"గది తర్వాత ముచ్చట. బొగ్గున్నదా లేదా?"

"నువ్వేమన్నవో చెప్పు కాకా."

"ఉన్నదా, లేదా?"

"లేదు."

"ఏందీ?"

"లేదు. నీ చెలకల బొగ్గు లేదు."

"గింతసేపు చెప్పరాదు చెప్పరాదు అన్నవ్. మొగుని పేరు తియ్యంగనే లేదంటున్నవ్. నా నోరు మూపిద్దామనా?"

"గట్లనే అంటవని తెల్సు. లే. నా ఎంబడి రా. నౌకరి పోతే పోతది."

ఆమె ఇనుప అరల వరుసలోకి నడిచి, ఒక్కొక్క డబ్బానే బయటికి లాగి మూత తీసింది.

"గిది నీ చెలక. పైకెల్లి అడుగు దాకా. పట్టి చూడు. గనిల చేసిన చెయ్యే గద."

"తెల్లగున్నది."

"అవు."

"ఇసుకరాయి. గిది గూడ ఇసుకరాయే. దీని కిందిది?"

"చూడు. అన్ని చూడు. మల్ల నేను దాచిన్నని అంటవు."

"నల్లపూస మందం గూడ లేదు."

"లేదు కాకా. గందుకే మల్ల మిషిని రాలే."

"మరి అల్లుడెందుకు ఎగవడ్డడు? ఎవడన్న పిచ్చోడు చెప్పిండా?"

జమున డబ్బాలను మళ్లీ అరలోకి నెట్టసాగింది.

"జమునా. నిన్నే."

"నేనే చెప్పిన. ఉన్నదని."

"నువ్వా?"

"ఏడాది సంది ఒకటే సతాయించుడు. ఎవల భూమిల వడ్డది, చెప్పు, మనం ముందే కొందాం, కంపెనీ తీసుకున్ననాడు మన బతుకు మారుతది. చెప్పకపోతే అన్నం ముట్టకపోవుడు, పిల్లల ముంగట గిన్నెలు ఇసిరికొట్టుడు. బొగ్గున్న చోటు చెప్తే నా ఇమానం పోతది. లేనిది ఒకటి చెప్తే పీడ వోతదనుకున్న."

"ఊర్ల గిన్ని చెలకలున్నయి. నాదే ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు ఇయ్యవని. తాత ముత్తాతల భూమి, పానం పోయినా ఇయ్య అంటుంటివి గద. ఆయన వచ్చి అడుగుతడు, నువ్వు తిట్టి ఎల్లగొడ్తవు, గంతటితోని చల్లవడ్తడనుకున్న. ఇంకెవలది చెప్పినా వాళ్లు ఇచ్చేద్దురు. గందుకే నీది చెప్పిన."

"అయ్యో బిడ్డా."

"తప్పే. నన్ను తిట్టు, కొట్టు. కాని చెలక మాత్రం అమ్మకు కాకా, నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల ఇంటికి వోంగనే ఆయనకు నిజం చెప్త. కొట్లాటయితే కానియ్యి."

"జమునా..."

"అయినా దేనితోని కొంటడు? ఆయన పేరు మీద ఖని టౌన్ల గా ఇంటి జాగ తప్ప మాకేమున్నది? వచ్చే నెల ఇల్లు కట్టుటానికి ముగ్గు పోద్దామనుకుంటున్నం."

"కూసో బిడ్డా."

"ఎందుకు? ఏమైంది?"

"కూసో ముందుగాల. నేను అమ్మలే. ఖనిల జాగ అనంగనే ఆశవడ్డ. చెలక ఆయనకు, జాగ నాకు, శుక్రారం నాడే మార్చుకోని రిజిస్ట్రీ చేయించుకున్నం."