దురద పుడితే ఆగనియ్యి

"దొర చేసిన పనే నువ్వు గూడ చేస్తున్నవన్నా. నా ఒంటి సంగతి నన్ను అడగకపోతివి."

చిట్యాల దిక్కు గుట్టల్లో సంఘం గెరిల్లా దళం పొద్దుటి పరుగు ముగిసింది. అమ్మవారు సోకినవాణ్ణి ఉంచినట్టు, బుచ్చిరాములును వేపమండల నడుమ ఒంటరిగా కూర్చోబెట్టారు. దళనాయకుడు దూరంగా నిలబడ్డాడు.

"ఒళ్లంత దద్దుర్లు లేస్తె అమ్మవారనుకోనా తమ్మీ? అందరికి అంటుతె దళమే పోతది. ఇంటికి పో."

"దేవుడు లేడని మీటింగుల చెప్పి, నాకు ఏపాకు పరుస్తవా?"

నాయకుడికి నవ్వు ఆగలేదు.

"ఊర్లె రజాకార్లున్నరు, పోతె సంపుతరు. దగ్గరికొచ్చి జూడన్నా. అమ్మవారైతె గింత జల్ది అణుగుతదా?"

నాయకుడు వచ్చి చెయ్యి పట్టి చూశాడు. దద్దుర్లు లేవు, గోకిన గీతలే ఉన్నాయి.

"మరేందిది?"

"ఉరికి ఒళ్లు కాగితె లేస్తయి. వెట్టిల దొర బండి ముందు ఉరికేటప్పుడు గూడ గిట్లనే లేచేటియి. గోక్కుందామని ఆగితె కొరడా. నీడకు గూసుంటె తగ్గుతదని సంఘంల చేరినంకనే తెలిసింది."

"ముందే చెప్పకపోతివి."

"ఎల్లగొడతవని భయపడ్డ."

నాయకుడు వేపమండలు అవతల పారేశాడు. తన తువ్వాలు తడిపి అతని వీపు మీద కప్పాడు.

"ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్?"

"ఇంటికి తోలకు. రేపు గూడ అందరితోని ఉరికియ్యి. గని దురద పుడుతుందని నేనంటె, ఆడనే ఆగనియ్యి."