పవర్ స్టీరింగూ, నా కుడిసెయ్యీ

"తాతా, ఒకప్పుడు నీ కుడిచెయ్యి పడిపోయిందని డ్రైవర్ పని మానిపించెయ్యబోయారట కదా? మామ్మ చెప్పింది. నిజమేనా?"

పడిపోలేదే గుంటా, పడగొట్టీసేరు! అలా కూకో, సెప్తాను.

నాను ముందు ఫిషింగ్ హార్బర్లో బోటు మీద పన్జేసీవోణ్ణి, నీకు తెలుసు కదా. ఓపాలి వల పైకి లాగే వించి మెషిను తాడు లాగీసి కుడి భుజం తిరిగిపోనాది. కట్టు కట్టేరు, తగ్గింది గాని బలం సగమే వచ్చింది. వల లాగలేను. బోటు ఒగ్గీసేను. మీ నాన్న సిన్నోడు, మీ అత్త ఇంకా సిన్నది. మరేటి తింటాం?

అప్పుడు, పెందుర్తిలో రొయ్యల యాపారం సేసే షావుకారు ఒకాయన పవర్ స్టీరింగున్న కారు కొని, నన్ను డ్రైవరుగా ఎట్టుకున్నాడు. రెండువేల సంవత్సరం దాటినాక... కాదు కాదు, దాటకముందే గావాల, పెట్రోలు ఇంత మండిపోయీది కాదు. ఓలమ్మ, ఆ స్టీరింగు సిటికినేలితో తిరిగీదే! నాకోసమే సేసినట్టున్నాది. తెల్లారకుండానే షావుకార్ని ఎక్కించుకుని హార్బర్‌కి, సేపల ఏలం కాడికి తీసుకెల్డం నా పని. ఆ కారుంటేనే నాకు కూడు. మామూలు కారు నానేటి తిప్పుతాను ఈ భుజంతోటి?

ఇప్పుడు సూరిబావ గురించి సెప్పాల. మీ మామ్మకి అన్న. స్టీలుప్లాంటులో పని. కేంటీన్లోలే, ఇడ్లీపిండి కాడ. గాని ఇంటికొస్తే మాత్రం పెద్ద ఇంజినీరు! కొలిమి ఈయన ఊదితేనే మండుతాదన్నట్టు మాటాడీవోడు.

దసరాకి కారు పూజ. అందరూ ఏటి సేస్తారు? బానెట్టు మీద పసుపు రాసి, బొట్టెట్టి, టైర్ల కింద నిమ్మకాయలెడతారు. అంతే కదా? సూరిబావకి అది సాల్లేదు. "పైపైన పూస్తే మెషినుకి ఏటందుతాది బావా? మా ప్లాంటులో లోపల్దాకా పూజ సేస్తారు" అని బానెట్టు ఎత్తీసేడు. గిన్నెలో నువ్వుల నూనె, అందులో కుంకం. నాను గుమ్మడికాయ కొట్టే పనిలో ఉన్నాను. ఈయన లోపల ఏటేటి పూసేడో ఎవుడు సూసేడు? భక్తి కదా, అడ్డేస్తే పాపం మనకి.

మర్నాడు హార్బర్ గేటు కాడ మలుపు. తిప్పుతన్నాను, తిరగదు! తిరగలి రాయి తిప్పుతున్నట్టున్నాది. పైగా కీచుమని అరుపొకటి. ఎనకాల లారీవోడు హారన్ కొట్టీసి సంపేస్తన్నాడు. రెండు సేతులూ ఏసి, పళ్ళు బిగబట్టి ఎలాగో తిప్పేను. మెయిన్ రోడ్డు మీద బానే పోతాది. మలుపొస్తే మొరాయిస్తాది.

హార్బర్ పక్కనే ఉన్న మెకానిక్కు కాడికెల్లేను. టైర్లలో గాలి సూసేడు, ఉన్నాది. స్టీరింగు ఆయిలు డబ్బా సూసేడు, నిండా ఉన్నాది. "కారు బానే ఉన్నాదన్నా" అని టీకి ఎల్లిపోనాడు. ఆ మాట సూరిబావ సెవినబడింది. ఇంకేటి కావాల? "నాను సెప్పలేదేటి? కారుకి కాదు, ఈయన సెయ్యే పోనాది!" అని దువ్వాడ నుంచి పెందుర్తి దాకా దండోరా ఏసీసేడు.

ఇంక సూడు మర్యాదలు! నీల్ల సెంబు నాను పట్టుకుంటే లాగీసుకుంటారు. సొక్కా గుండీలు మీ మామ్మ పెడతాది. ఎదురింటోల్లు పలకరింపుకొచ్చి, నాను ఎదురుగా కూకునుండగానే, "పాపం, మంచోడు" అనీవోరు. సచ్చిపోయినోణ్ణి అన్నట్టు! నవ్వుతన్నావ్ గాని, నాకు భయమేసింది తల్లీ. ఓ రోజు సేతిలోంచి గ్లాసు జారిపోనాది. నిజంగానే పోనాదేమో అనుకున్నాను. పిల్లలకి ఏటెట్టాలని ఏడుపొచ్చీసింది.

షావుకారు మంచిగానే సెప్పేడు, "అప్పలనాయుడూ, తాళం ఇచ్చీసి కొన్నాల్లు ఇంటికాడ ఉండు" అని. కొన్నాల్లంటే ఏటో మనకి తెలీదేటి? ఆయనలా అన్నాడో లేదో, సూరిబావ ముందుకొచ్చీసేడు. సెలవెట్టి తనే నడుపుతాడట! లైసెన్సుందిలే. నన్ను పక్కన కూకోబెట్టుకున్నాడు, నేర్పుతాడట నాకు.

అదే హార్బర్ గేటు. అదే మలుపు. సూరిబావ మొకం ఎర్రగా అయిపోనాది, సెవులు కూడా. రెండు సేతులూ, మోకాలూ, ఆకరికి కడుపు కూడా స్టీరింగు మీద ఏసీసేడు. కారు తిన్నగా ఎల్లి ఐసు గుట్టలో దూరింది. సేపల ఆడోల్లు పెట్టిన సాపనార్థాలు నీకు సెప్పకూడదు.

"ఏటి బావా, నీ సెయ్యి కూడా పోనాదేటి?" అన్నాను.

"సెయ్యి కాదు బావా. ఈ రోడ్డే బాగోలేదు!"

సూసేవా? నాకైతే సెయ్యి. ఆయనకైతే రోడ్డు.

అక్కణ్ణుంచి మెకానిక్కు కాడికే. ఈపాలి ఇంజిన్ ఆన్ సేయించి, నన్ను స్టీరింగు ఆకరిదాకా తిప్పమని, బానెట్టెత్తి సూసేడు. కీచు! స్టీరింగు పంపుకి ఓ బెల్టుంటాది. ఇంజిన్ దాన్ని తిప్పితేనే పంపు పన్జేస్తాది. ఆ బెల్టు జారిపోతన్నాది, పంపు తిరగట్లేదు. ఇంజిన్ ఆపి ఏలెట్టి తీసేడు, ఏలంతా జిడ్డు, ఎర్రగా. "బెల్టుకి బొట్టెట్టిందెవురన్నా?" అన్నాడు. సూరిబావ సముద్రం కేసి సూస్తన్నాడు, ఎప్పుడూ సూడనట్టు.

నూనె ఇంకిపోయిన రబ్బరు తుడిస్తే పోదు. పుల్లీలు కడిగి, కొత్త బెల్టేసి బిగించేడు. నాను కూకుని కుడిసెయ్యి ఒక్కటే ఏసేను, కావాలనే. తిరిగింది. ఎన్నపూసలాగ తిరిగిందే! అక్కడే ఏడ్సీసేను, సిగ్గేటి?

సాయంత్రం షావుకారు ఎక్కేడు. మలుపులు సూసి, "సెయ్యి బాగైపోనాదే! ఏటి వైద్యం?" అన్నాడు. నాను నోరు తెరిసేలోగా ముందు సీట్లోంచి సూరిబావ, "అంతా దసరా పూజ మహిమ బాబూ!" అనీసేడు. షావుకారు రెండు సేతులూ జోడించి దండవెట్టేడు.

నాను గేరు మార్చి బండి పోనిచ్చేను. నిజం సెప్తే సూరిబావ పరువు పోతాది. అదీ కాక తాళం నాకాడే ఉన్నాది, రేపు మల్లీ తెల్లారకుండానే పని ఉన్నాది. ఇంకేటి కావాల నాకు?

ఇప్పటికీ మన సుట్టాల్లో సగంమంది అదే నమ్ముతన్నారు, మీ మామ్మతో సహా. నమ్మనీ... నువ్వు సల్లగా ఉండు తల్లీ. నీ పని నువ్వు సేసుకుంటూ, ఎవుడూ నీ మొకం మీదే "పాపం" అనకుండా నూరేల్లు బతుకు. ఆఁ, సూరిబావకి మాత్రం సెప్పకు, ఆయన ఇంకా అది తన పూజ మహిమే అని సెప్పుకుంటన్నాడు.